స్కాట్ పాడతానన్న మేనకోడలికి

అమ్మడూ,

నీ మెసేజ్ చదివాను. కాలేజీ జాజ్ బృందానికి ఆడిషన్ ఉందనీ, ఒక పాటని ముందు మాటలతో పాడి, తర్వాత ఒక రౌండ్, అంటే పాట మొత్తం ఒకసారి, మాటల్లేకుండా ఉత్త అక్షరాలతో అప్పటికప్పుడు అల్లుకుంటూ స్కాట్ చెయ్యమన్నారనీ, అప్పటినుంచీ నీకు టెన్షన్‌గా ఉందనీ రాశావు. "డూ, బా, డీ లాంటివి ఎక్కడ ఏది వాడాలో ఒక లిస్ట్ రాసివ్వు అత్తయ్యా" అన్నావు. అలాంటి లిస్టులు దొరుకుతాయి. వాటిని బట్టీపట్టి పాడేవాళ్లని ఇక్కడ న్యూజెర్సీలో వారాంతాల్లో మా బృందంతో పాడే చోటల్లా వింటూనే ఉన్నాను. నోరు చాలా పని చేస్తుంటుంది, పాట మాత్రం కదలదు. అందుకని అక్షరాల సంగతి చివర్న చెబుతాను. ముందు కాళ్ల సంగతి.

జాజ్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్‌లా పాడాలని ఉందన్నావు కదా, ఆవిడతోనే మొదలెడదాం. ఆవిడ పాడదామని స్టేజీ ఎక్కలేదు. 1934 నవంబర్లో, పదిహేడేళ్లప్పుడు, న్యూయార్క్ హార్లెమ్‌లోని అపోలో థియేటర్లో కొత్తవాళ్ల పోటీకి వెళ్లింది డాన్స్ చేద్దామని. తనకంటే ముందు ఎడ్వర్డ్స్ సిస్టర్స్ అనే అక్కచెల్లెళ్లు ఆడి హాలంతా ఊపేశారు. వాళ్ల తర్వాత ఇక నేనేం ఆడతానులే అనుకుని అప్పటికప్పుడు పాట అందుకుంది. ప్రైజు 25 డాలర్లు. మరుసటి ఏడాది చిక్ వెబ్ బృందంలో చేరింది. చిక్ వెబ్ గాయకుడు కాదు, పియానో వాయించేవాడూ కాదు. డ్రమ్మర్. వాళ్లు వాయించిన సవోయ్ బాల్‌రూమ్ కచేరీ హాలు కాదు, డాన్స్ హాలు. అంటే ఆ అమ్మాయి పాట నేర్చుకున్నదంతా వెనక డ్రమ్స్, ముందు ఆడే జనం, వాటి మధ్య నిలబడే. పాట బిగువు తగ్గితే కుర్చీల్లో కూర్చున్నవాళ్లు మర్యాదకి ఊరుకుంటారు. ఆడేవాళ్లు ఊరుకోరు, పక్కకెళ్లి నించుంటారు.

ఆవిడ స్కాట్‌లో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది అదే. ఎంత వేగంగా, ఎంత చిత్రంగా పాడుతున్నా ఆ పాటకి అడుగులు వెయ్యొచ్చు. గొంతు అందం, మూడు ఆక్టేవుల విస్తారం గురించి అందరూ రాస్తారు. అవి నీకూ నాకూ రావు, వాటి గురించి బెంగపడి లాభం లేదు. నడక మాత్రం సాధనతో వస్తుంది.

కాబట్టి మొదటి పని, నడు. చిన్నప్పటినుంచీ ఆదితాళం వేసి వేసి నీ చెయ్యి సమం మీద బలంగా పడుతుంది. జాజ్‌లో చిటికె పడేది రెండో దెబ్బ మీదా, నాలుగో దెబ్బ మీదా. లయకి టిక్కుటిక్కుమనే మెట్రోనోమ్ వేగాన్ని సగానికి తగ్గించి, ఆ టిక్కులనే రెండు, నాలుగు అనుకో. ఒకటీ మూడూ నీ కాళ్లు వెయ్యాలి. కాసేపటికి నీకు తెలియకుండానే అవి తిరగబడిపోతాయి, సమం వచ్చి టిక్కు మీద కూర్చుంటుంది. ఆపి మళ్లీ మొదలెట్టు. పాట వద్దు, ఉత్త నడకే. అది కుదిరాక ఒక్కో దెబ్బనీ తిస్రంలో, అంటే మూడు ముక్కలుగా, "తకిట" అనుకో. మొదటి రెండూ కలిపి సాగదీస్తే మూడోది పొట్టిగా వెనకాల పడుతుంది: తా-ట, తా-ట, తా-ట. స్వింగ్ అనే జాజ్ నడక ఇంచుమించు అలా ఉంటుంది. ఇంచుమించు అని ఎందుకంటున్నానంటే వేగం పెరిగేకొద్దీ ఆ పొడుగూ పొట్టీ తేడా తగ్గిపోతుంది. ఎంత తగ్గాలనేది ఏ పుస్తకమూ చెప్పలేదు, రికార్డులు వినాలి.

రెండో పని, పాట మాటలు నేర్చుకో. నవ్వకు. మాటల్లేకుండా పాడమన్నారు కదా, మాటలతో పనేమిటి అనుకుంటారు చాలామంది. ఎల్లా 1960 ఫిబ్రవరిలో బెర్లిన్లో చేసిన కచేరీ రికార్డు ఉంది, విను. అందులో "మాక్ ది నైఫ్" ఎత్తుకునే ముందే, మాటలన్నీ గుర్తుంటాయని ఆశిద్దాం అని నవ్వుతూ చెప్పేసింది. కొన్ని చరణాలు బాగానే సాగాయి. తర్వాత మాటలు ఎగిరిపోయాయి. వేలమంది ఎదురుగా ఉన్నారు, బృందం ఆగలేదు, పాట 16 బార్లకొకసారి (బార్ అంటే నాలుగు దెబ్బలు) చుట్టి వస్తూనే ఉంది. ఆవిడ ఏం చేసిందో జాగ్రత్తగా విను. తర్వాతి చరణం ఏమిటో గుర్తులేదనే సంగతినే అదే బాణీలో, అదే లెక్కలో పాడేసింది. గాయకుడు బాబీ డారిన్, ట్రంపెట్ వాయిస్తూ పాడే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఈ పాటని రికార్డు చేశారనీ, ఇప్పుడు ఎల్లా, ఆవిడ మనుషులూ కలిసి దీన్ని చెడగొడుతున్నారనీ కూడా పాటలోనే ఇమిడ్చింది. మధ్యలో ఆర్మ్‌స్ట్రాంగ్ బొంగురు గొంతుని అనుకరించింది. ఆ రికార్డుకి గ్రామీ వచ్చింది.

మాటలు మర్చిపోయినా ఫరవాలేదని చెప్పడానికి ఆ కథ వాడుతుంటారు. నాకు వినిపించేది వేరు. ఆవిడ మాటలే మర్చిపోయింది. ఎన్నో బార్‌లో ఉందో, ఆ వాక్యం ఎక్కడ ముగియాలో, ప్రాస ఎక్కడ పడాలో ఏదీ మర్చిపోలేదు. పాట ఎముకలు ఒంట్లో ఉన్నాయి. నువ్వు కూడా ముందు మాటలతోనే పాడి పాడి ఆ ఎముకలు ఎక్కించుకో. స్కాట్ రౌండ్‌లో దారి తప్పినప్పుడు లోపల వినిపించేది ఆ మాటలే. నేను ఇప్పటికీ స్కాట్ పాడేటప్పుడు మనసులో సాహిత్యం నడుపుతూనే ఉంటాను.

పాట ఏది ఎంచుకోవాలని అడిగావు. "ఓ, లేడీ బి గుడ్" తీసుకో. 1924లో జార్జ్ గెర్ష్విన్ కట్టిన బాణీ. ఎల్లా 1947లో రికార్డు చేసింది, ముందు మాటలతో పాడి తర్వాత స్కాట్‌లోకి దూకుతుంది. నిన్ను చెయ్యమన్నదీ అదే పని. మొత్తం 32 బార్లు, ఎనిమిదేసి చొప్పున నాలుగు ముక్కలు. మొదటి రెండూ, చివరిదీ ఒకే బాణీ, మూడోది వేరే బాణీ, దాన్ని బ్రిడ్జ్ అంటారు. ఆదితాళం లెక్కలో చూస్తే ఒక రౌండ్ పదహారు ఆవర్తాలు. అంతే. భయపడేంత పెద్దదేమీ కాదు.

కష్టమంతా ఇప్పుడు చెప్పబోయేచోట ఉంది, నీలాగా కర్ణాటక సంగీతం నుంచి వచ్చినవాళ్లకి మరీను. మనకి తంబూరా ఒకటే మోగుతుంది. రాగం ఎత్తుకున్నాక ఏ గాంధారమో తేలిపోతుంది, కల్పనస్వరాలు ఎంతసేపు వేసినా అది మారదు. ఇక్కడ కింద కార్డ్స్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులు, మారుతుంటాయి, వాటితోపాటు గాంధారమూ మారుతుంది. "లేడీ బి గుడ్"ని జీ కీలో అనుకుని, జీనే షడ్జమంగా పెట్టుకో. మొదటి బార్‌లో జీ కార్డ్. అంతర గాంధారం హాయిగా ఉంటుంది. రెండో బార్‌లో సీ సెవెన్ వస్తుంది, దానిలోపల ఉన్నది ఒక మెట్టు కిందుండే సాధారణ గాంధారం. నువ్వు అంతర గాంధారం మీదే నిలబడిపోయావో, గొంతు శ్రుతిలోనే ఉన్నా వినేవాళ్లకి అపశ్రుతి. మూడో బార్‌లో మళ్లీ జీ, మళ్లీ అంతర గాంధారం. బ్రిడ్జ్ ముగింపుకి వస్తుండగా ఏ సెవెన్ వస్తుంది, అక్కడ ప్రతి మధ్యమం. దాని వెనకే వచ్చే డీ సెవెన్‌లో శుద్ధ మధ్యమం. ఏ కీలో పాడినా ఈ లెక్క ఇదే.

ఒక వారం పాటు ఈ మారే స్వరాలు మాత్రమే పాడు. బార్‌కి ఒక్క స్వరం, నిదానంగా, గమకం లేకుండా, నిలిపి. పక్కన ఎవరైనా పియానో తెలిసినవాళ్లుంటే వాళ్లకి వినిపించు. కార్డ్స్ వాయించకుండానే వాళ్లకి పాట తెలిసిపోవాలి. ఆ తర్వాత ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మధ్యలో అడుగులు కలుపు. నీ స్కాట్ అక్కడే పుడుతుంది. గమకం పూర్తిగా మానెయ్యమనను, ఒక రౌండ్‌లో ఒకటి రెండు చోట్ల జారితే అందం. ప్రతి స్వరాన్నీ ఊపితే మాత్రం స్వింగ్ చచ్చిపోతుంది, ఎందుకంటే స్వరం ఎప్పుడు మొదలైందో వినేవాళ్లకి తెలియదు.

మూడోది, గాయకుల్ని విని స్కాట్ నేర్చుకోకు. ఈ మాట వింతగా ఉంటుందని తెలుసు. ఎల్లా తను ఎక్కువ దొంగిలించింది హార్న్ వాయించేవాళ్ల దగ్గరే అని చెప్పుకునేది. 1946లో ట్రంపెట్ వాద్యకారుడు డిజీ గిలెస్పీ బృందంతో టూర్ వెళ్లి, ట్రంపెట్లూ శాక్సాఫోన్లూ చేస్తున్న బీబాప్ అనే వేగమైన జాజ్‌ని గొంతుతో పట్టుకోవడానికి ప్రయత్నించింది. మరుసటి ఏడాది వచ్చిన రికార్డుల్లో ఆ ఫలితం వినిపిస్తుంది. నీకు బీబాప్ ఇప్పుడే వద్దు, వేగం మింగేస్తుంది. 1936లో ఇదే "లేడీ బి గుడ్" మీద లెస్టర్ యంగ్ టెనర్ శాక్సాఫోన్‌తో వాయించిన సోలో ఉంది. పాట నీదే, కార్డ్స్ నీవే. మొదటి ఎనిమిది బార్లు నేర్చుకో. నొటేషన్ చూడకు, వర్ణం నేర్చుకున్నట్టు విని పట్టుకో. ఆయన ఎక్కడ ఊపిరి తీస్తున్నాడో అక్కడే నువ్వూ తియ్యి. అవసరం లేనిచోట ఒక్క స్వరం కూడా వాయించడు మహానుభావుడు. అది గొంతుకి ఎక్కాక ఎల్లా దగ్గరికి వెళ్లు, ఆవిడ ఏం చేస్తోందో అప్పుడు బాగా తెలుస్తుంది.

ఇప్పుడు అక్షరాలు. లెస్టర్ యంగ్ సోలోని పాడుతుంటే సగం అక్షరాలు వాటంతటవే వస్తాయి. దెబ్బ మీద పడే స్వరానికి నాలుక "డ" కోరుకుంటుంది, దెబ్బకి వెనక పడే పొట్టి స్వరానికి పెదవులు "బ" కోరుకుంటాయి: డూ-బా డూ-బా. ఆ "బా" మీద కొంచెం ఒత్తు. వరసగా పరుగెత్తే స్వరాల మధ్య ఒకదాన్ని మింగెయ్యి, "డూ-ద్ న్-డా" అన్నట్టు, ఆ "న్" వినీ వినపడకుండా ముక్కులో ఉండిపోవాలి. పైస్థాయిలో "ఈ", కింద "ఊ" సుఖంగా ఉంటాయి. వాక్యం ఠక్కున ఆపాలంటే "డాట్", "బాప్" లాంటి హల్లు పెట్టి నోరు మూసెయ్యి. ఇంతకంటే చెప్పడానికేమీ లేదు. గాయనులు సారా వాన్, బెట్టీ కార్టర్ విను, వాళ్ల అక్షరాలు ఎల్లావి కావు, ఎవరి నోటికి తగ్గవి వాళ్లవి. "తక ధిమి" మాత్రం తీసుకురాకు. వినేవాళ్లు వింతగా ఉందని చప్పట్లు కొడతారు, నువ్వు పాటలోంచి బయటికొచ్చేస్తావు. అలాగే నల్లవాళ్ల యాసని అనుకరించకు. ఇది వాళ్లు నిర్మించిన సంగీతం. పని నేర్చుకో, గొంతు నీదే ఉండనీ.

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1926లో షికాగోలో రికార్డు చేస్తుంటే పాట కాగితం జారి కింద పడిందనీ, అలా స్కాట్ పుట్టిందనీ నీకు ఎవరో చెప్పే ఉంటారు. చక్కటి కథే. కాకపోతే అంతకుముందు రికార్డుల్లోనూ ఇలాంటి పాట ఉంది. ఆ రికార్డుతో అది దేశమంతా పాకింది, అది నిజం.

ఎల్లా గురించి ఇంకో మాట అంటుంటారు, ఇంకో జాజ్ గాయని బిల్లీ హాలిడేలా గుండె పిండదు, అన్నీ సంతోషంగానే పాడుతుందని. నాకు ఒప్పుకోబుద్ధి కాదు. తల్లి 1932లో పోయింది, అప్పటికి ఈ పిల్లకి పదిహేనేళ్లు. అనాథాశ్రమం, తర్వాత బాలికల సంస్కరణ పాఠశాల, అక్కణ్ణుంచి బయటపడ్డాక హార్లెమ్ వీధులు. అపోలో స్టేజీ మీదికి వచ్చింది ఆ వీధుల్లోంచే. ఆ సంతోషం తేలిగ్గా వచ్చిందనుకుంటే వాళ్ల ఇష్టం.

ఇక ఆడిషన్ రోజు. పియానో ఆయనకి మూడు సంగతులు చెప్పు: ఏ కీ, ఎంత వేగం, ఎన్ని రౌండ్లు. వేగాన్ని అంకెల్లో చెప్పకు, రెండూ నాలుగూ చిటికె వేస్తూ మొదటి లైను మెల్లగా పాడి చూపించు. స్కాట్ ఒక్క రౌండే. బెర్లిన్ కచేరీలో "హౌ హై ది మూన్" మీద ఎల్లా నిమిషాల తరబడి పాడుతుంది, మధ్యలో ఎన్నెన్నో పాటల ముక్కలు దూర్చుతుంది. అది విని ఆనందించు, చెయ్యబోకు. మొదటి ఎనిమిది బార్లూ అసలు బాణీకి దగ్గరగా ఉండు, మాటలు తీసేసినట్టు మాత్రమే ఉండాలి. రెండో ఎనిమిదిలో కొంచెం దూరం వెళ్లు. బ్రిడ్జ్‌లో ఆ రెండు మధ్యమాలూ స్పష్టంగా చూపించు, జడ్జీలు చెవి నిక్కించేది అక్కడే. చివరి ఎనిమిదిలో దిగు. ఎక్కడైనా ఒకచోట రెండు బార్లు నోరు మూసుకుని బృందాన్ని విను. ఖాళీ వచ్చిందని కంగారుపడకు, బాస్ మోగుతూనే ఉంటుంది. దారి తప్పితే నవ్వేసి బ్రిడ్జ్ కోసం ఆగు, అది మొదలవగానే ఎవరికైనా తెలుస్తుంది.

ఆదివారంలోగా ఒక రికార్డింగ్ పంపు. స్కాట్ వద్దు. మాటలతో పాడిన ఒక్క రౌండ్, ఫోన్ బల్ల మీద పెట్టి, చిటికె వినపడేలా. ముందు అది వింటాను.

మీ అత్తయ్య