న్యూట్రాన్లు రాని ఫ్యూజన్‌లో అయాన్ల వేడి ఎలా కొలుస్తారు?

ప్రోటాన్, బోరాన్ కేంద్రకాలు కలిసే ప్రోటాన్-బోరాన్ ఫ్యూజన్‌లో న్యూట్రాన్లు పుట్టవు కదా, మరి అయాన్ల (ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న పరమాణువుల) ఉష్ణోగ్రత ఎలా తెలుస్తుందని అడిగారు. ఎంఎస్సీ అయ్యాక రెండేళ్లు ఒక ప్లాస్మా (అయాన్లు, ఎలక్ట్రాన్లు కలిసున్న వేడి వాయువు) ల్యాబ్‌లో, కాంతిని రంగులుగా విడదీసే స్పెక్ట్రోమీటర్ దగ్గరే కూర్చున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

డ్యుటీరియం ప్లాస్మాలో న్యూట్రాన్ల శక్తి 2.45 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటుంది. అయాన్లు వేడెక్కేకొద్దీ ఆ అంకె చుట్టూ అటూ ఇటూ పరుచుకుంటుంది. ఆ వెడల్పు నుంచే ఉష్ణోగ్రత లెక్క కడతారు. బోరాన్‌తో వచ్చేవి మూడు ఆల్ఫా కణాలు, అంటే హీలియం కేంద్రకాలు. అవి 8.7 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులను ఒక్కోసారి ఒక్కోలా పంచుకుంటాయి. ప్లాస్మా చల్లగా ఉన్నా వాటి స్పెక్ట్రమ్ వెడల్పుగానే ఉంటుంది కాబట్టి ఆ దారి పనికిరాదు.

అందుకే కాంతిని పట్టుకుంటాం. అయాన్ మన వైపు వస్తుంటే దాని కాంతి నీలం వైపు, దూరంగా పోతుంటే ఎరుపు వైపు కాస్త జరుగుతుంది. కోట్ల అయాన్ల కాంతి కలిసేసరికి స్పెక్ట్రోమీటర్‌లో ఒకే రంగు సన్నటి గీతగా కనిపించాల్సింది లావెక్కుతుంది. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూసినట్టు, ప్లాస్మాలో కాస్తంత ఉండే కార్బన్ ఇచ్చే 529 నానోమీటర్ల ఆకుపచ్చ గీతను మేం చూసేవాళ్లం.

మొదటిసారి నాకు వచ్చిన వెడల్పు 0.15 నానోమీటర్లు. లెక్కేస్తే 163 ఎలక్ట్రాన్ వోల్టులు (ప్లాస్మా ఉష్ణోగ్రతను ఈ ప్రమాణంలోనే చెబుతాం). సంబరంగా తీసుకెళ్లి చూపిస్తే మా సార్ "ల్యాంప్ పెట్టి చూశావా అమ్మా?" అని మాత్రం అడిగారు. చూడలేదు. ఆ సాయంత్రం స్పెక్ట్రోమీటర్‌లోకి కాంతి వెళ్లే సన్నటి చీలిక, అదే స్లిట్ ముందు నియాన్ ల్యాంప్ పెట్టాను. ప్లాస్మాతో పోలిస్తే ల్యాంప్‌లో వాయువు చల్లగా ఉన్నట్టే, గీత వెంట్రుకలా రావాలి. అదీ 0.10 చూపించింది! ఆ లావు మా స్లిట్‌ది. 0.15 వర్గంలోంచి 0.10 వర్గం తీసేసి మళ్లీ లెక్కేస్తే మిగిలింది 90 ఎలక్ట్రాన్ వోల్టులే. ఇప్పటికీ ఎవరు ఉష్ణోగ్రత అంకె చెప్పినా ముందు వాళ్ల పరికరం వెడల్పు ఎంతో వెతుకుతాను.

బోరాన్‌కి ఇంకో చిక్కుంది. వేడి బాగా పెరిగితే అది తన ఐదు ఎలక్ట్రాన్లనూ పోగొట్టుకుంటుంది, ఇక గీతలివ్వదు. అప్పుడు వేగమైన హైడ్రోజన్ పరమాణువుల ధారను, అంటే బీమ్‌ను పంపుతారు. బీమ్‌లోని పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్ లాక్కుని బోరాన్ 494.5 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది. బీమ్ ప్లాస్మాలో ఎక్కడ దాటుతుందో అక్కడి వేడి తెలుస్తుంది. ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం.

అయితే మెతుకు ఉడికితే కుండంతా ఉడికినట్టేనా? జపాన్‌లో టోకి దగ్గరున్న లార్జ్ హెలికల్ డివైస్ అనే ఫ్యూజన్ ప్రయోగ యంత్రంలో బోరాన్ పొడి చల్లి, హైడ్రోజన్ బీమ్‌లు పంపి ఆల్ఫా కణాలను పట్టారు. ఆ ఫలితం 2023లో వెలువడింది. అక్కడ ఫ్యూజన్ చేసినవి బీమ్ నుంచి వచ్చిన వేగమైన ప్రోటాన్లు. బోరాన్ ఉష్ణోగ్రత ఎంత బాగా కొలిచినా వాటి సంగతి తెలియదు. వాటికోసం ప్లాస్మా నుంచి తప్పించుకొచ్చే తటస్థ పరమాణువుల శక్తిని విడిగా కొలవాలి.

గీత లావవడానికి వేడితో పాటు ప్లాస్మా సుడులు తిరగడమూ కారణం కావచ్చు. హీలియం, కార్బన్ గీతలు రెండూ ఒకే ఉష్ణోగ్రత చెబితే అది వేడే అని నమ్మొచ్చు. బరువైన కార్బన్‌కి ఎక్కువ వస్తే కదలికను అనుమానించాలి. మీ దగ్గర స్పెక్ట్రమ్ డేటా ఉంటే ల్యాంప్ వెడల్పుతో కలిపి ఇక్కడ పెట్టండి, కూర్చుని లెక్క చూద్దాం.