గాలాడని గదికి ఏ మాట వాడాలి?

మీ కథలో ఏళ్లుగా తలుపులు తీయని పెద్ద హాలు గురించి రాస్తూ 'ఉక్కపోత గది' అన్నారు, ఏదో తేడాగా ఉందన్నారు. నిజమేనండీ, అతకలేదు. ఉక్కపోత వాతావరణానిది. గాలిలో తేమ ఎక్కువై చెమట ఆరకపోతే ఉక్క పోస్తుంది. వానకు ముందు విశాఖ బీచ్‌లో నిలబడినా పోస్తుంది, దానికి నాలుగు గోడలు అక్కర్లేదు. తెలంగాణలో 'ఉడకపోత' అంటారు, మీ పాత్రది ఆ ప్రాంతమైతే అదే రాయండి.

మీ గదికి 'గాలాడని గది' చాలు. వాసన కూడా చెప్పాలంటే 'ముక్కిపోయిన వాసన' అనండి, పాత బియ్యం డబ్బా తెరిచినట్టు పాఠకుడికి వెంటనే తగులుతుంది. 'ఇరుకు' వద్దు, మీది పెద్ద హాలు కదా.

'ఉక్కిరిబిక్కిరి' మనిషికే వాడాలి: పొగకు ఉక్కిరిబిక్కిరయ్యాడు, ప్రశ్నలకూ అయ్యాడు. 'ఊపిరి సలపని' అంటే చాలామందికి పని ఒత్తిడే గుర్తొస్తుంది. ఆ గదిలో మీ కథలోని ముసలాయన ఏళ్లు గడిపాడని చెప్పాలంటే మాత్రం 'మగ్గిపోయాడు' అనండి. జైల్లో మగ్గడం అంటాం చూడండి, అదే.

నేనైతే ఇలా రాస్తాను: 'తలుపు తీయగానే ముక్కిపోయిన వాసన గుప్పుమంది.'