సోవియట్ కాలపు రెడ్ స్టార్ పతకం కొనాలనుకుంటున్నాను. అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది? పెట్టుబడిగా పనికొస్తుందా?

పెట్టుబడి మాట ముందు పక్కన పెట్టండి. రెడ్ స్టార్ ఆర్డర్‌ను (ఆర్డర్ అంటే మెడల్ కంటే పై స్థాయి పతకం) 1930 ఏప్రిల్ 6న నెలకొల్పారు. సోవియట్ యూనియన్ కూలేదాకా 38 లక్షలకు పైగా ఇచ్చారు. అందులో సగానికి పైగా రెండో ప్రపంచ యుద్ధ కాలానివే. ఇంత విరివిగా దొరికే వస్తువును లాభం కోసం కొనడం దండగ. దాని విలువ వెనకవైపున్న నంబరులో, ఆ నంబరు ఎవరిదో చెప్పే కాగితంలో ఉంటుంది. కాగితం లేని రెడ్ స్టార్ కంటే కాగితమున్న మామూలు మెడల్ ఎంతో మేలు. ఈ విషయంలో నాతో వాదించేవాళ్లు చాలామంది ఉన్నారు, అయినా నా మాట ఇదే.

సరే, అసలు, నకిలీ సంగతి. 10 రెట్లు పెద్దదిగా చూపే లెన్స్, డిజిటల్ కాలిపర్, కంసాలి వాడే లాంటి సన్న త్రాసు, యూవీ టార్చి దగ్గర పెట్టుకోండి. రెడ్ స్టార్ వెండితో చేసింది. బరువు సుమారు 33 గ్రాములు, గ్రామున్నర అటూ ఇటూ ఉండొచ్చు. కొన నుంచి కొనకు 47 నుంచి 50 మిల్లీమీటర్లు. అసలు పతకాన్ని అచ్చు తీసి పోత పోస్తే, లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోయి కొలత కాస్త తగ్గుతుంది. అక్షరాల అంచులు మొద్దుబారతాయి, నున్నగా ఉండాల్సిన చోట సన్న గుంటలు పడతాయి. నడుమ తుపాకీ పట్టుకున్న సైనికుడి పొడవాటి కోటు మడతలు, చుట్టూ ఉన్న 'ప్రపంచ కార్మికులారా ఏకం కండి' అనే రష్యన్ నినాదం, ఈ రెండింటినీ లెన్స్‌లో చూడండి. ముద్ర కొట్టిన పనికీ పోత పోసిన పనికీ తేడా అక్కడే బయటపడుతుంది.

తర్వాత ఎనామిల్. అది నిప్పుల్లో కరిగించిన గాజు. ముదురు కెంపు రంగులో లోతు కనిపిస్తుంది. కొనల దగ్గర పెచ్చు లేచి ఉండటం మామూలే, దానికి భయపడక్కర్లేదు. ఆ పెచ్చును ఎపాక్సీ జిగురుతోనో గోళ్ల రంగుతోనో పూడ్చి 'మచ్చ లేని సరుకు' అని అమ్మడమే మోసం. అలా పూడ్చిన చోటు యూవీ వెలుతురులో చాలాసార్లు వేరుగా మెరుస్తుంది, లెన్స్‌లో గాలి బుడగలు కనిపిస్తాయి. పతకాన్ని బట్టకు బిగించే వెనకవైపు మర మీది నట్టు విప్పేటప్పుడు నక్షత్రం కొమ్ములు పట్టుకుని తిప్పకండి. పతకాన్ని కదలకుండా అంచున పట్టుకుని నట్టును మాత్రమే తిప్పాలి. చాలా పతకాల ఎనామిల్ యుద్ధంలో కాదు, ఇలా విప్పేటప్పుడే పగిలింది.

అన్నిటికంటే ఎక్కువ మోసం నంబరు దగ్గర జరుగుతుంది. తొలి రోజుల్లో నంబర్లను అచ్చులతో కొట్టేవారు, తర్వాత చేతి ఉలితో చెక్కారు. ఒక వీరుడి కాగితాలు దొరికి పతకం దొరక్కపోతే, వేరే పతకం మీది నంబరు అరగదీసి ఈ నంబరు చెక్కుతారు. అలా చేసిన చోట లోహం చుట్టుపక్కల కంటే కాస్త పల్లంగా ఉంటుంది. మిగతా వెనకవైపంతా నల్లబడి, అంకెల చుట్టూ మాత్రం తెల్లగా ఉంటుంది. ఆకురాయి గీతలు ఒకే దిక్కుగా కనిపిస్తాయి. వెలుతురును పక్క నుంచి వేసి, పతకాన్ని మెల్లగా తిప్పుతూ చూడండి.

ఇక పరిశోధన. మీరు అడగకపోయినా చెప్తాను, ఎందుకంటే ఈ పనిలో అసలు సంగతి ఇదే. పతకంతో పాటు 'ఓర్దెన్‌స్కాయా క్నీజ్‌కా' అనే చిన్న పుస్తకం ఇచ్చేవారు. అందులో పేరు, తండ్రి పేరు, ఏ ఆర్డర్, ఏ నంబరు అన్నీ ఉంటాయి. దానిలోని తేదీ పుస్తకం ఇచ్చిన తేదీ, సాహసం చేసిన తేదీ కాదు. కొత్తవాళ్లు ఇక్కడే తికమక పడతారు. పేరు తెలిశాక 'పోద్విగ్ నరోదా', 'పామ్యత్ నరోదా' అనే రష్యన్ సైట్లలో వెతకండి. మాస్కో దగ్గరి పొదోల్స్క్‌లో ఉన్న రక్షణ శాఖ ఆర్కైవ్ కాగితాల స్కాన్‌లు వాటిలో ఉచితంగా చూడొచ్చు. పేరు రష్యన్ లిపిలోనే కొట్టాలి. తండ్రి పేరు వదిలేస్తే ఇవానోవ్‌లు కుప్పలుగా వచ్చి పడతారు. పతకం నంబరుతో మాత్రం అక్కడ వెతకలేరు. పేరు లేకుండా నంబరు ఒక్కటే ఉంటే దారి దాదాపు మూసుకుపోయినట్టే.

మీరు వెతకాల్సింది 'నగ్రద్నోయ్ లిస్త్', అంటే పతకానికి సిఫారసు పత్రం. మొదటి వైపు హోదా, దళం, పుట్టిన ఏడాది, జాతి, పార్టీ సభ్యత్వం, గాయాలు, ఎక్కడ సైన్యంలో చేరాడు, ఇంటి చిరునామా ఉంటాయి. తర్వాత అతను చేసిన పనిని కమాండర్ నాలుగు ముక్కల్లో, ఊరు పేరూ తేదీతో సహా రాస్తాడు. కింద పై అధికారుల సంతకాలు. వాటిని వదలకుండా చదవండి. కింది కమాండర్ రెడ్ స్టార్ కంటే పెద్దదైన రెడ్ బ్యానర్ ఆర్డర్‌కు సిఫారసు చేస్తే, పైవాడు తగ్గించి రెడ్ స్టార్ ఇచ్చిన సందర్భాలు అక్కడే తేలతాయి. 1942 నవంబర్ నుంచి రెజిమెంట్ కమాండర్లే మెడల్స్ ఇచ్చే అధికారం పొందారు. అందుకే 'జా ఒత్వాగు', అంటే ధైర్యానికి ఇచ్చే మెడల్ విషయంలో విడి పత్రం కోసం కాకుండా రెజిమెంట్ ఉత్తర్వు కోసం వెతకాలి. సంగతంతా అందులో ఒకటి రెండు వాక్యాల్లో ముగుస్తుంది.

ఇంకో చిక్కుంది. 1944 జూన్ నుంచి 1957 దాకా సైన్యంలో సర్వీసు పూర్తి చేసినందుకే పతకాలు ఇచ్చారు. 15 ఏళ్లకు రెడ్ స్టార్, 20 ఏళ్లకు రెడ్ బ్యానర్, 25 ఏళ్లకు లెనిన్ ఆర్డర్. అలాంటి పతకం వెనక సాహస గాథ ఉండదు. అమ్మేవాడు 'బెర్లిన్ యుద్ధ వీరుడిది' అంటే కాగితం అడగండి. అలాగే పేట్రియాటిక్ వార్ ఆర్డర్‌ను 1985లో, విజయానికి 40 ఏళ్లు నిండాయని, బతికున్న మాజీ సైనికులందరికీ పంచారు. ఆ 1985 రకం ఒకే ముక్కగా ముద్ర కొట్టింది. యుద్ధ కాలపు రకం వేర్వేరు ముక్కలు కలిపి చేసింది, దాని మీది సుత్తి కొడవలి బంగారంతో విడిగా చేసి అమర్చారు. వెనక్కి తిప్పితే తేడా తెలిసిపోతుంది.

మిగతా కమ్యూనిస్టు దేశాల పతకాలకు దేశం పేరులోని పొడి అక్షరాలే తారీఖు చెప్తాయి. రొమేనియాలో 'ఆర్‌పీఆర్' అని ఉంటే 1965కు ముందుది, 'ఆర్‌ఎస్‌ఆర్' అయితే తర్వాతిది. యుగోస్లావియాలో 'ఎఫ్‌ఎన్‌ఆర్‌జే' 1963తో పోయింది, రాజముద్రలోని ఐదు కాగడాలు కూడా అప్పుడే ఆరుకు పెరిగాయి.

మన దేశానికీ రెడ్ స్టార్‌తో సంబంధం ఉంది. రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌లో పనిచేసిన సుబేదార్ నారాయణరావు నిక్కం, హవల్దార్ గజేంద్ర సింగ్‌లకు 1944లో ఇది దక్కింది. మనవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? దానికి బదులు లెనిన్ బొమ్మున్న అల్యూమినియం బ్యాడ్జీలను 'సోవియట్ మెడల్' అని పేరు పెట్టి అమ్ముతున్నారు. వెనక పిన్ను ఉండి, నంబరు లేని ఆ బ్యాడ్జీలు అప్పట్లో సంచుల కొద్దీ తయారయ్యాయి. చూడముచ్చటగా ఉంటాయి, కానీ అవి పతకాలు కావు.

పతకం చేతికొచ్చాక చింతపండూ పీతాంబరీ దాని దగ్గరికి రానివ్వకండి. ఆ నలుపే దాని వయసుకు సాక్ష్యం. తోమేస్తే ఏళ్ల తరబడి పట్టిన ఆ నలుపు పోతుంది. రబ్బరు బ్యాండుతో కట్టొద్దు, అందులోని గంధకం వెండిని మచ్చలు పడేలా నల్లబరుస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి ఉంచండి. ఒకే మనిషి పతకాలు నాలుగూ కలిసి వస్తే విడగొట్టి అమ్మకండి, విడగొట్టిన వాటిలో ఒక్కటే కొనకండి. ఇలా చెదిరిపోయిన జీవితాలను మళ్లీ కలపడం ఎవరి తరమూ కాదు.

రష్యాకు వెళ్లి కొనుక్కొస్తానంటే మాత్రం వద్దు. అక్కడ సోవియట్ పతకాల క్రయవిక్రయం క్రిమినల్ కోడ్ 324వ అధికరణ కింద నేరం. వేరే దేశంలో కొన్నా, డబ్బు పంపే ముందు పతకం వెనకవైపు ఫొటో, పుస్తకంలో ఆ నంబరున్న పేజీ ఫొటో రెండూ పక్క నుంచి పడే వెలుతురులో తీసి పంపమనండి.