నట్టలు కాదు, మొక్కజొన్న పిండి తెచ్చిన జబ్బు

ప్రశ్న: మా ముర్రా గేదె రెండో ఈత ఈని 24 రోజులైంది. మొదట్లో 10 లీటర్లు ఇచ్చేది, ఇప్పుడు 6కి పడిపోయింది. వెన్న 7 శాతం నుంచి 5కి తగ్గింది. పేడ పలచగా, నురగతో, పుల్లటి వాసనతో పడుతోంది. అందులో తెల్లటి ముక్కలు, జిగురు పొరలు కనిపిస్తున్నాయి. పది రోజుల్లో రెండుసార్లు నట్టల మందు తాగించాం. మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ బిళ్లలు మూడు రోజులు వేశాం. ఈనిన మర్నాటి నుంచే రోజుకు 6 కిలోల మొక్కజొన్న పిండి, 2 కిలోల బియ్యం వండి పెడుతున్నాం. ఈసారి ఏ నట్టల మందు వేయాలి?
– ఒక పాడి రైతు, పల్నాడు జిల్లా

జవాబు: ఏదీ వేయకండి. మీ గేదెకు ఉన్నది నట్టల బాధ కాదు, మేత మొదట చేరే పెద్దపొట్టలో ఆమ్లం పెరిగిపోవడం. తెల్లటి ముక్కలు అరగని మొక్కజొన్న నూక. జిగురు పొరలు పేగు లోపలి నుంచి ఊడివచ్చిన పొర. వీటిని చూసి నట్టలని పొరబడేవాళ్లు చాలామంది.

పెద్దపొట్టలో ఉదజని సూచిక (పీహెచ్) 6 నుంచి 7 మధ్య ఉండాలి; అది తగ్గేకొద్దీ ఆమ్లం పెరిగినట్టు. మెత్తటి పిండి, అన్నం గంటల్లోనే పులిసిపోతాయి. సూచిక 5.5 కన్నా దిగితే గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, వెన్న పడిపోతుంది. ఈ ఆమ్లాన్ని విరిచేది లాలాజలంలోని సోడా. లాలాజలం ఊరాలంటే పశువు నెమరు వేయాలి, నెమరు వేయాలంటే పీచు ఉన్న మేత కావాలి. గేదె పడుకున్నప్పుడు గమనించండి: ఒక్కో ముద్దను 50–60 సార్లు నమలాలి. 40 కూడా దాటకపోతే పీచు చాలడం లేదన్నమాట.

ఈ రోజు నుంచే అన్నం, మొక్కజొన్న పిండి పూర్తిగా ఆపేయండి. ఎండు వరిగడ్డి లేదా జొన్న చొప్ప ఎంత తింటే అంత వేయండి. మేతను 3–5 సెంటీమీటర్ల ముక్కలుగా కోయండి. మిషన్‌లో పొడిలా కొడితే పశువు నెమరు వేయదు. సమీకృత దాణా రోజుకు 2 కిలోలు చాలు, అదీ మూడు పూటలుగా, గడ్డి తిన్న తర్వాతే.

తినే సోడా పొద్దున 100 గ్రాములు, సాయంత్రం 100 గ్రాములు, తడిపిన దాణాలో కలిపి మూడు రోజులు ఇవ్వండి. తర్వాత పది రోజులు పూటకు 50 గ్రాములు. తినకపోతే నాలుక లాగి సీసాతో పోయకండి. ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. డాక్టరు చేత గొట్టం ద్వారా పోయించండి. ఒక జాగ్రత్త: యూరియా ఎక్కువగా తిన్న పశువుకు సోడా ఇవ్వకూడదు. దానిది క్షారం పెరిగే జబ్బు, వెనిగర్ పోయాలి. పొట్టలోని రసాన్ని పీహెచ్ కాగితంతో చూస్తే ఆమ్లమో క్షారమో నిమిషంలో తేలిపోతుంది.

ఆకలి తిరిగి వచ్చాక దాణాను మూడు రోజులకోసారి అర కిలో చొప్పున పెంచండి. 8 లీటర్లిచ్చే గేదెకు శరీర పోషణకు ఒకటిన్నర కిలో, రెండు లీటర్లకు కిలో లెక్కన పాలకు 4 కిలోలు, మొత్తం ఐదున్నర కిలోలు సరిపోతాయి. అక్కడికి చేరడానికి మూడు వారాలు పడుతుంది. పొట్టలోని సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటుపడే కాలం కూడా అంతే, తొందరపడొద్దు. మొదటి వారం పాలు ఇంకాస్త తగ్గినా కంగారుపడి పిండి మళ్లీ మొదలుపెట్టకండి. సొంతంగా దాణా కలుపుకుంటే మొక్కజొన్న మూడో వంతు మించకుండా, పిండిగా కాకుండా రవ్వగా మర పట్టించండి.

ఇక ఆ యాంటీబయాటిక్ బిళ్లల సంగతి. నెమరు వేసే పశువుకు నోటి ద్వారా వేస్తే, అప్పటికే ఆమ్లంతో సగం చచ్చిన మేలు చేసే సూక్ష్మజీవులు మిగతావీ పోతాయి. మందులమ్మే వ్యక్తి పశువు డొక్క మీద చెయ్యి పెట్టలేదు, పేడ చూడలేదు, ఏం మేపుతున్నారని అడగలేదు. పారుతోందనగానే బిళ్ల చేతిలో పెట్టాడు. ఆ మందు పాలలోకి దిగుతుంది. అలాంటి పాలు తోడుకోవు, తాగేవాళ్లకూ చేటు. పెట్టె మీద రాసిన గడువు దాటేదాకా పాలు అమ్మకండి, ఇంట్లోనూ వాడకండి.

నట్టల మందు కూడా అంతే. పది రోజుల్లో రెండుసార్లు తాగిస్తే నట్టలు ఆ మందుకు మొండికేస్తాయి. చూడి మొదటి నెలల్లో ఆల్బెండజోల్ అనే నట్టల మందు ఇస్తే పిండానికే ముప్పు. అనుమానం ఉంటే అప్పుడే వేసిన పేడ పైభాగం నుంచి 20 గ్రాములు కవరులో పెట్టి, అదే రోజు పశువైద్యశాలకు తీసుకెళ్లి పరీక్ష చేయించండి. చెరువు గట్టున మేసే గేదెకు దవడ కింద నీటి వాపు కనిపిస్తే కాలేయ జలగలేమో చూడాలి. వాటికి మామూలు నట్టల మందు ఫెన్‌బెండజోల్ పనిచేయదు, మందు వేరే ఉంటుంది.

పుల్లబడ్డ పొట్ట త్వరగా తేరుకోవాలంటే ఆరోగ్యంగా ఉన్న గేదె పొట్టలోని రసం 3–5 లీటర్లు డాక్టరు చేత పోయించడం మేలైన పని. సోడా వాడాక మూడో రోజుకైనా నెమరు రాకపోయినా, కళ్లు లోపలికి పోయి చెవులు చల్లబడినా, లేవలేకపోయినా ఇంటి వైద్యం ఆపి పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. ఆ దశలో సోడాను రక్తనాళంలోకి ఎక్కించాల్సి ఉంటుంది, అది డాక్టరు మాత్రమే చేయాలి.