జెస్ట్‌లో ఇంపోర్ట్ ఎర్రర్ వస్తే ముందు ఫైలు పాత్ చూడండి

మీరు అడిగింది ఇదీ: రియాక్ట్ ప్రాజెక్టు బ్రౌజర్‌లో చక్కగా నడుస్తోంది, జెస్ట్‌తో టెస్టులు మొదలుపెడితే మాత్రం "కెనాట్ యూజ్ ఇంపోర్ట్ స్టేట్‌మెంట్ అవుట్‌సైడ్ ఎ మాడ్యూల్" అని ఆగిపోతోంది. కోడ్‌ను పాత పద్ధతి జావాస్క్రిప్ట్‌లోకి మార్చే బేబెల్ ఉంది, ఏమేం మార్చాలో దానికి చెప్పే ప్రీసెట్-ఎన్వ్ కూడా ఉంది. ప్యాకేజ్.జేసన్‌లో టైప్ దగ్గర మాడ్యూల్ అని రాస్తే పోతుందా?

పోదండీ. పైగా ఇంకో ఎర్రర్ తోడవుతుంది. ఆ లైను పెట్టగానే, మాడ్యూల్.ఎక్స్‌పోర్ట్స్‌తో రాసి ఉన్న మీ బేబెల్.కాన్ఫిగ్.జేఎస్ ఫైలు దగ్గర నోడ్ ఆగిపోతుంది, దాని పేరు చివర .సీజేఎస్ అని మార్చుకోవాలి. అసలు సమస్య అలాగే ఉంటుంది. జెస్ట్ మామూలుగా అన్ని ఫైళ్లనూ కామన్‌జేఎస్ పద్ధతిలోనే, అంటే రిక్వైర్‌తోనే నడుపుతుంది. ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ జావాస్క్రిప్ట్‌లోకి 2015లోనే వచ్చాయి గానీ, బేబెల్‌ను జెస్ట్‌తో కలిపే బేబెల్-జెస్ట్ వాటిని రిక్వైర్‌గా మార్చి ఇస్తేనే జెస్ట్‌కు అర్థమవుతాయి. కాబట్టి మీకు వచ్చిన ఎర్రర్‌కు అర్థం ఒక్కటే: ఏదో ఒక ఫైలు ఆ మార్పు జరక్కుండానే జెస్ట్ చేతికి చేరింది. ఏ ఫైలు అన్నదే తేల్చుకోవాలి.

అది ఎర్రర్‌లోనే రాసి ఉంటుంది. చాలామంది పైన ఉన్న ఎర్ర అక్షరాలు చూసి గూగుల్‌లో వెతికి, దొరికిన కాన్ఫిగ్ తెచ్చి అతికించేస్తారు. అలా చేయకండి. "డీటెయిల్స్" అన్న మాట కింద ఒక పాత్ ఉంటుంది. అది మీ ఎస్ఆర్‌సీ ఫోల్డర్‌లోని ఫైలా, బయటి లైబ్రరీలుండే నోడ్_మాడ్యూల్స్‌లోని ఫైలా చూడండి. రెండింటికీ మందు వేరు.

మీ ఫైలే అయితే త్వరగానే తేలుతుంది. ప్రీసెట్-ఎన్వ్‌లో మాడ్యూల్స్ విలువ ఫాల్స్ అని ఉందేమో చూడండి. ఫైళ్లను బ్రౌజర్ కోసం ఒకచోట చేర్చే వెబ్‌ప్యాక్‌లో ట్రీ షేకింగ్ (వాడని కోడ్‌ను తీసేయడం) కోసం ఎప్పుడో ఎవరో పెట్టి ఉంటారు. అది ఉన్నంతకాలం బేబెల్ ఇంపోర్ట్‌ను ముట్టుకోదు. ఆ లైను తీసేస్తే చాలు, ఎందుకంటే దాని డిఫాల్ట్ విలువ ఆటో. ఎవరు పిలుస్తున్నారో చూసుకుని, వెబ్‌ప్యాక్‌కు ఒకలా, జెస్ట్‌కు ఒకలా బేబెల్ తనే సర్దుకుంటుంది. ఫైలు చివర .ఎంజేఎస్ ఉంటే అది వేరే సంగతి. జెస్ట్ డిఫాల్ట్ ట్రాన్స్‌ఫార్మ్ నియమంలో జేఎస్, జేఎస్ఎక్స్, టీఎస్, టీఎస్ఎక్స్ మాత్రమే ఉన్నాయి. ఎంజేఎస్‌ను మీరే చేర్చాలి.

నోడ్_మాడ్యూల్స్‌లోని ఫైలైతే కాస్త ఓపిక కావాలి. మీ ప్యాకేజ్ లిస్టులో లోడాష్-ఈఎస్, డీ3 ఉన్నాయన్నారు కాబట్టి మీది ఇదే అయ్యే అవకాశం ఎక్కువ. ఆ ఫోల్డర్‌లోని దేన్నీ బేబెల్‌కు ఇవ్వకూడదన్నది జెస్ట్ డిఫాల్ట్. ఒకప్పుడు లైబ్రరీలన్నీ కామన్‌జేఎస్‌లోనే వచ్చేవి కాబట్టి అది సరైన నిర్ణయమే, టెస్టులు వేగంగా నడిచేవి. ఇప్పుడు చాక్ 5, నోడ్-ఫెచ్ 3, డీ3 7 లాంటివి ఈఎస్ మాడ్యూల్స్‌గానే, అంటే ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్‌తోనే వస్తున్నాయి. అందుకే, బేబెల్‌కు ఇవ్వకూడని ఫైళ్ల లిస్టైన ట్రాన్స్‌ఫార్మ్‌ఇగ్నోర్‌ప్యాటర్న్స్‌లో మినహాయింపు రాయాలి:

/నోడ్_మాడ్యూల్స్/(?!(లోడాష్-ఈఎస్|డీ3|డీ3-.*|ఇంటర్న్‌మ్యాప్|డెలానేటర్|రోబస్ట్-ప్రెడికేట్స్)/)

పేర్లు ఇక్కడ తెలుగులో రాశాను, మీరు ఫోల్డర్ పేర్లు ఎలా ఉన్నాయో అలాగే ఇంగ్లిషులో రాయండి. చివరి మూడూ ఎందుకంటే, డీ3 లోపల అవి కూడా వాడతారు, అవి కూడా ఈఎస్ మాడ్యూల్సే. మా ఆఫీసులో గ్రాఫులున్న ఒక డ్యాష్‌బోర్డ్‌ను డీ3 7కి మార్చినప్పుడు ఇదే చూశాం. డీ3 పేరు చేర్చాక ఎర్రర్ పోలేదు, కానీ పాత్ మారింది, ఈసారి ఇంటర్న్‌మ్యాప్ వచ్చింది. అంటే పని ముందుకు వెళ్తున్నట్టే. ఎర్రర్ మాటలు అవే ఉన్నాయని నిరాశపడకండి, పాత్ మారిందా లేదా అన్నదే చూడండి.

ఇక్కడ రెండు చోట్ల అనుభవమున్నవాళ్లు కూడా ఇరుక్కుంటారు. ఒకటి, మినహాయింపులను లిస్టులో రెండు వేర్వేరు లైన్లుగా రాయడం. ఆ లిస్టులో ఏ ఒక్క ప్యాటర్న్‌కు సరిపోయినా జెస్ట్ ఆ ఫైలును వదిలేస్తుంది. లోడాష్ కోసం రాసిన లైను డీ3ని ఆపుతుంది, డీ3 కోసం రాసిన లైను లోడాష్‌ను ఆపుతుంది, చివరికి రెండూ మారవు. అందుకే అన్నీ ఒకే బ్రాకెట్‌లో ఉండాలి. డిఫాల్ట్ లైనును కూడా పక్కనే ఉంచకూడదు.

రెండోది .బేబెల్ఆర్‌సీ అనే బేబెల్ సెట్టింగుల ఫైలు. ప్యాటర్న్ తప్పులేకుండా రాశాక కూడా ఎర్రర్ వస్తుంటే మీ బేబెల్ ఫైలు పేరు చూడండి. .బేబెల్ఆర్‌సీ అదున్న ప్యాకేజీలోని ఫైళ్లకే పనిచేస్తుంది. నోడ్_మాడ్యూల్స్‌లోని ప్రతి లైబ్రరీకీ సొంత ప్యాకేజ్.జేసన్ ఉంటుంది కాబట్టి అక్కడికి అది చేరదు. బేబెల్.కాన్ఫిగ్.జేఎస్ మొత్తం ప్రాజెక్టుకు వర్తిస్తుంది. .బేబెల్ఆర్‌సీ మాత్రమే ఉంటే, జెస్ట్ లైబ్రరీ ఫైలును బేబెల్‌కు ఇస్తుంది, బేబెల్ ఏ ప్రీసెట్టూ లేకుండా ఉన్నదున్నట్టు తిరిగి ఇస్తుంది, ఎర్రర్ మాత్రం మునుపటిదే. గంటలు తినేసేది ఇదే. పేరు మార్చి, లోపలున్నది అందులోకి తరలించండి.

ప్యాకేజీల కోసం ఎన్‌పీఎం బదులు పీఎన్‌పీఎం వాడుతుంటే పాత్‌లో నోడ్_మాడ్యూల్స్ రెండుసార్లు వస్తుంది, మధ్యలో .పీఎన్‌పీఎం ఫోల్డర్ ఉంటుంది. పై ప్యాటర్న్ మొదటిదాని దగ్గరే సరిపోయి ఫైలును వదిలేస్తుంది, కాబట్టి .పీఎన్‌పీఎంను కూడా ఆ బ్రాకెట్‌లో చేర్చండి.

టెస్టులను జేఎస్‌డామ్‌తో (నోడ్‌లోనే బ్రౌజర్‌ను అనుకరించేది) నడుపుతూ, ఎర్రర్‌లోని పాత్‌లో బ్రౌజర్ అన్న మాట కనిపిస్తే దారి వేరు. 2022లో వచ్చిన జెస్ట్ 28 నుంచి ప్యాకేజీలలోని ఎక్స్‌పోర్ట్స్ విభాగాన్ని జెస్ట్ చదువుతోంది. జేఎస్‌డామ్‌లో బ్రౌజర్ కోసం ఉంచిన బిల్డ్‌ను ఎంచుకుంటుంది, అది చాలాసార్లు ఈఎస్ మాడ్యూలే. యూయూఐడీ, నానోఐడీలతో అప్పట్లో చాలామందికి ఇదే ఎదురైంది. యాక్సియోస్ 1 దగ్గర మాడ్యూల్‌నేమ్‌మ్యాపర్ అనే జెస్ట్ సెట్టింగ్‌తో దాని సీజేఎస్ ఫైలుకు నేరుగా దారి చూపిస్తే సరిపోతుంది.

ఏ మార్పూ లేకుండా అసలు ఈఎస్ మాడ్యూల్స్‌నే జెస్ట్‌లో నడపొచ్చా అంటే, నడపొచ్చు. నోడ్‌కు ఎక్స్‌పెరిమెంటల్-వీఎం-మాడ్యూల్స్ ఫ్లాగ్ ఇచ్చి, ట్రాన్స్‌ఫార్మ్‌ను ఖాళీగా ఉంచాలి. కానీ మీది రియాక్ట్, జేఎస్ఎక్స్ ఉంది, బేబెల్ ఎలాగూ తప్పదు. పైగా ఆ పద్ధతిలో, అసలు మాడ్యూల్ బదులు నకిలీది పెట్టే జెస్ట్.మాక్ లైన్లు ఫైలు పైకి జరగవు, ఎందుకంటే ఇంపోర్ట్‌లు అన్నిటికన్నా ముందే పూర్తవుతాయి. అన్‌స్టేబుల్_మాక్‌మాడ్యూల్ రాసి, ఆ తర్వాత అవెయిట్ ఇంపోర్ట్‌తో లోడ్ చేసుకోవాలి. మాక్‌లు నిండుగా ఉన్న పాత టెస్టులకు ఈ పని పెట్టుకోవద్దని గట్టిగా చెప్తాను. ప్రాజెక్టు వీట్ అనే బిల్డ్ టూల్ మీద ఉంటే మాత్రం, ముఖ్యంగా కోడ్‌లో ఇంపోర్ట్.మెటా.ఎన్వ్ ఉంటే, దాని టెస్ట్ టూల్ వీటెస్ట్‌కు మారడమే మేలు. ప్రీసెట్-ఎన్వ్ ఇంపోర్ట్.మెటాను మార్చదు, దానికోసం జెస్ట్‌లో అదనపు ప్లగిన్లు వెతుక్కోవాలి. జెస్ట్.ఎఫ్ఎన్ స్థానంలో వీఐ.ఎఫ్ఎన్, జెస్ట్.మాక్ స్థానంలో వీఐ.మాక్, ఇలా టెస్టుల్లో మార్పు పెద్దగా ఉండదు.

ఏం మార్చినా ఒకసారి క్లియర్‌క్యాష్ ఆప్షన్‌తో జెస్ట్ నడపండి. షోకాన్ఫిగ్ ఆప్షన్ ఇస్తే జెస్ట్ నిజంగా తీసుకున్న ప్యాటర్న్ ఏదో కనిపిస్తుంది. అప్పటికీ కుదరకపోతే ఆ ప్యాటర్న్, ఎర్రర్‌లోని పాత్, మీ బేబెల్ ఫైలు పేరు ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.