పెళ్ళికి రెండు నెలలుండగా గడ్డం మీద లేజర్ చేయించుకోవచ్చా?

చెల్లీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నీది గుణుపురం, వయసు 24, మాఘంలో పెళ్ళి, చేతిలో ఉన్నది రెండు నెలలు. గడ్డం కింద, పై పెదవి మీద వెంట్రుకలు వస్తున్నాయి. ఊళ్ళో పార్లర్ వాళ్ళు ఆరు సిట్టింగుల ప్యాకేజీ చెప్పి, ఇక జన్మలో రావు అంటున్నారు. డబ్బు కట్టేయనా అని అడిగావు.

పెళ్ళి అయ్యేదాకా కట్టకు. నాది పర్లాకిమిడి, 36 ఏళ్ళు, స్కూల్లో టీచర్‌ని. ఈ లేజర్‌ని ఒకసారి తప్పుగానూ ఒకసారి సరిగ్గానూ చేయించుకున్నాను కాబట్టి చెప్తున్నాను.

తప్పు సంగతి ముందు. ఏడేళ్ళ కిందట ఒక పార్లర్‌లో మొదలుపెట్టాను. మొదటి రెండు సిట్టింగులూ ఏ గొడవా లేకుండా అయిపోయాయి. మూడోదానికి నాలుగు రోజుల ముందు రథయాత్ర. ఆ ఏడు చినుకు లేదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలో నిలబడి తాడు పట్టుకున్నాను, ముఖం కమిలిపోయింది. అలాగే వెళ్ళి పడుకున్నాను. ఎండలో తిరిగావా అని అడిగినవాళ్ళు లేరు, కిందటిసారి సెట్టింగే పెట్టి కొట్టేశారు. కాలిన పెనం అంటించినట్టు చురుక్కుమంది. ఇంటికొచ్చి అద్దం చూసుకుంటే గడ్డం కింద వరసగా అగ్గిపెట్టె అంత అంత ఎర్రటి మచ్చలు. వారానికి అవి గోధుమరంగుకి, తర్వాత నల్లగా మారాయి. పోవడానికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలల్లో మా అత్త కూతురి పెళ్ళి ఒకటి వచ్చింది, వెళ్ళలేదు. నీ పెళ్ళికి నువ్వే వెళ్ళకుండా ఉండలేవు కదా, అందుకే ఇంత గట్టిగా వద్దంటున్నాను.

ఎందుకలా అయిందో తర్వాత డాక్టరు చెప్తేనే తెలిసింది. లేజర్ కాంతి వెతికేది నలుపుని. వెంట్రుకలో ఉన్న నల్లటి రంగు ఆ కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ వేడి కుదురు దాకా వెళ్ళి దాన్ని దెబ్బతీస్తుంది. చర్మానికి రంగునిచ్చేదీ అదే పదార్థం. ఎండకి కమిలినప్పుడు చర్మంలో అది ఇంకా పెరుగుతుంది కాబట్టి కుదురుకి పోవాల్సిన వేడి పైనే ఆగి చర్మాన్ని కాలుస్తుంది. మన చామనఛాయ ఒంటికి సాధారణంగా డయోడ్ లేజర్ గానీ ఎన్‌డీ యాగ్ అనే రకం గానీ వాడతారు. ఎన్‌డీ యాగ్ కాంతి 1064 నానోమీటర్లు, పైచర్మంలో తక్కువ ఆగి లోపలికి దిగుతుంది, అందుకే ముదురు రంగు వాళ్ళకి క్షేమం ఎక్కువ. నాకు పార్లర్‌లో కొట్టింది అసలు లేజరే కాదట. ఐపీఎల్ అని, రకరకాల కాంతి కలిపి మెరిసే దీపం లాంటిది. బోర్డు మీద మాత్రం లేజర్ అని ఉంది. ఐపీఎల్ అంటే మోసమని కాదు, కానీ మన రంగుకి అది చెయ్యి తిరిగినవాళ్ళ చేతిలోనే ఉండాలి.

ఇక ఆరింటితో పోతాయా అన్నది. ఏ రోజు చూసినా మన ముఖం మీద వెంట్రుకల్లో కొన్ని పెరుగుతుంటాయి, కొన్ని నిద్రపోతుంటాయి. కుదురుతో గట్టిగా అంటుకుని పెరుగుతున్నవాటికే లేజర్ పనిచేస్తుంది. నిద్రపోయేవి లేచేదాకా ఆగి మళ్ళీ కొట్టాలి. అందుకే ముఖానికి నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి పిలుస్తారు. రెండు నెలల్లో నీకు పడేవి రెండే, మహా అయితే మూడు. అమెరికాలో మందులకీ వైద్య యంత్రాలకీ అనుమతిచ్చే ఎఫ్‌డీఏ కూడా ఈ యంత్రాలకి 'శాశ్వతంగా తగ్గించడం' అన్న మాటనే ఒప్పుకుంటుంది, పూర్తిగా తీసేయడం అనదు. నాకు రెండోసారి ఎనిమిది సిట్టింగులు, దాదాపు ఏడాది పట్టింది. నా లెక్కన ముప్పావు వంతు పోయాయి. మిగిలినవి సన్నబడ్డాయి. ఇప్పటికీ ఆర్నెల్లకోసారి వెళ్ళొస్తాను.

ఆ రెండోసారి శ్రీకాకుళంలో ఒక చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. పాతపట్నం దాటి బస్సులో. ఆవిడ యంత్రం వైపు చూడనే లేదు, ముందు నెలసరి సరిగ్గా వస్తోందా అని అడిగింది. రెండు నెలలకోసారి అన్నాను. స్కానింగ్, థైరాయిడ్, ఇంకొన్ని హార్మోన్ల రక్తపరీక్షలు రాసింది. పీసీఓడీ అని తేలింది, అంటే హార్మోన్ల తేడా వల్ల నెలసరి తప్పడం, ముఖాన వెంట్రుకలు రావడం. అది లోపల అలాగే ఉంటే ఒకపక్క మనం కాలుస్తుంటే ఇంకోపక్క కొత్తవి మొలుస్తూనే ఉంటాయి. నీకూ నెలసరి తప్పుతోందని ఒక ముక్క రాసి వదిలేశావు. చెల్లీ, నీ ప్రశ్నలో అన్నిటికన్నా ముఖ్యమైన ముక్క అదే. డబ్బు ముందు ఆ పరీక్షలకి పెట్టు. మందులు మొదలైనా వెంట్రుకల్లో తేడా కనపడటానికి ఆర్నెల్లయినా పడుతుంది. పెళ్ళి దగ్గర్లో ఉందని డాక్టరుకి తప్పకుండా చెప్పు, వీటికి వాడే మందుల్లో కొన్ని కడుపుతో ఉన్నప్పుడు పడవు. వెంట్రుకలు నెలల్లోనే ఒక్కసారిగా పెరిగినా, గొంతు బొంగురుపోయినా అసలు ఆలస్యం చేయకు.

పెళ్ళయ్యాక చేయించుకుందువు గానీ, అప్పుడు నొప్పికన్నా కష్టమైనది ఒకటుంది. ఆ ఏడాదంతా త్రెడ్డింగ్ మానేయాలి. వ్యాక్సింగ్, ప్లక్కర్ కూడా. దారంతో లాగితే వెంట్రుక కుదురుతో సహా ఊడొస్తుంది, ఇక కాంతి పట్టుకోవడానికి లోపల ఏముంటుంది? మొదటి సిట్టింగుకి నెల ముందు నుంచే ఆపమంటారు. మరి మధ్యలో పెరిగినవాటిని ఏం చేయాలి? రేజర్‌తో గీసుకోవాలి.

నేను పెరట్లో అద్దం పెట్టుకుని మొదటిసారి గీసుకుంటుంటే మా అమ్మ చూసింది. చేతిలో చెంబు వదిలేసింది. "ఏటే ఇది, ఆడపిల్లవి గడ్డం గీసుకుంతన్నావేటే? ఎవులైనా సూస్తే ఏటనుకుంతారే?" అని ఒకటే ఏడుపు. గీస్తే మగాళ్ళకిలా దట్టంగా వస్తాయని ఆవిడ భయం. నిజానికి రేజర్ చర్మం పైన కోస్తుంది, కుదురు జోలికి పోదు. కోసిన కొన మొద్దుగా ఉండి చేతికి గరుకుగా తగులుతుంది, అంతే. ఇది మా అమ్మకి ఎన్నిసార్లు చెప్పినా లాభం లేకపోయింది, చివరికి డాక్టరమ్మ చేతే చెప్పించాను. సిట్టింగుకి ముందు రోజు గీసుకుని వెళ్ళాలి. వెంట్రుక పైన పొడుగ్గా ఉంటే వేడి అక్కడే ఆగి చర్మం కాలుతుంది.

బుగ్గల మీద నూగు కూడా తీసేయమని అడిగాను, డాక్టరమ్మ ఒప్పుకోలేదు. అలాంటి సన్నటి నూగు మీద లేజర్ పడితే అవి ఒక్కోసారి తగ్గకపోగా ముదురుతాయట. మన దేశపు ఆడవాళ్ళ ముఖం, మెడ దగ్గర ఇది జరిగే అవకాశం ఎక్కువట. ముఖమంతా చేసేస్తాం అని ప్యాకేజీ పెట్టేవాళ్ళని చూస్తే నాకు అందుకే భయం. మా పిన్నిని కూడా వెంట తీసుకెళ్ళాను, ఆవిడవి తెల్ల వెంట్రుకలు. నలుపు లేదు కాబట్టి లేజర్ పనికిరాదని, ఒక్కో కుదురులో సూది పెట్టి కరెంటుతో చేసే ఎలక్ట్రాలసిస్ అయితేనే కుదురుతుందని చెప్పి పంపేశారు.

సరిగ్గా చేస్తే ఎలా ఉంటుందంటే, ముందు చెవి కింద చిన్నచోట కొట్టి కొన్నాళ్ళు ఆగి చూశారు. కళ్ళకి అడ్డు పెట్టారు. ముఖాన పసుపు, పౌడరు, క్రీము ఏమీ ఉండకూడదు. కొట్టినప్పుడు రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు ఉంటుంది. తర్వాత ఆ పూటో మర్నాటిదాకానో ఎర్రగా, చిన్న చిన్న పొక్కుల్లా ఉంటుంది, చల్లటి గుడ్డ చాలు. పది పదిహేను రోజుల్లో వెంట్రుకలు వాటంతటవే రాలతాయి. అవి మళ్ళీ మొలుస్తున్నాయనుకుని నేను కంగారుపడ్డాను, మొలవడం కాదు, బయటికొచ్చేస్తున్నాయి. సన్‌స్క్రీన్ రోజూ రాయాలి. మొటిమలకి మందులేమైనా వాడుతుంటే ముందే చెప్పు. లేజర్ చేయించుకుంటే పిల్లలు పుట్టరని మీ మేనత్త అందన్నావు చూడు, ఈ కాంతి లోపలికి వెళ్ళేది కొన్ని మిల్లీమీటర్లే, గర్భసంచి దాకా పోదు. కడుపుతో ఉన్నప్పుడు మాత్రం ఆపేస్తారు.

నాకు ఒక్కో సిట్టింగుకి 2,500 అయ్యింది, బస్సు ఖర్చులు వేరే. ఎనిమిదింటికి ఒకేసారి కట్టించుకోలేదు, ఏ పూటకి ఆ పూటే. నువ్వూ అలా ఇవ్వగలిగే చోటే చూసుకో.

ఇప్పటికి పెళ్ళికి అలవాటైన త్రెడ్డింగే చేయించుకో, నలుగు పెట్టే రోజుకి నాలుగైదు రోజుల ముందు, ఎర్రదనం ఏదైనా ఉంటే తగ్గిపోతుంది. నెలసరి సంగతి మాత్రం ఈ వారమే చూపించుకో. రిపోర్టులు వచ్చాక ఇక్కడే రాయి. ఆ పార్లర్ వాళ్ళని యంత్రం పేరేమిటో, చేసేది ఎవరో, డాక్టరు ఉంటారో లేదో కూడా అడిగి రాయి, చూసి చెప్తాను.