బొంత కుట్టడానికి ఊరెళ్తున్న అక్కాచెల్లెళ్ళకు

చిట్టీ,

నువ్వూ అక్కా కలిసి చెన్నై నుంచి బెంగళూరుకు మూడు రోజుల బొంత కుట్టు శిబిరానికి వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. మీ ఇద్దరిలో సంచి సర్దేది నువ్వేనని నాకు తెలుసు కాబట్టి ఉత్తరం నీకే రాస్తున్నా. అక్కకూ చదివి వినిపించు. దాని గురించి రాసిన చోట కాస్త గొంతు తగ్గించు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ముందే చెప్పేస్తాను. అక్కడ కుట్టాలి, కత్తిరింపు ఇంట్లోనే అయిపోవాలి. మూడు రోజులంటే వినడానికి బోలెడు. భోజనాలు, కాఫీలు, పక్కవాళ్ళ బల్ల దగ్గర కబుర్లు పోను మిషను ముందు కూర్చునేది పదిహేను గంటలు దాటదు. ఏ రంగు పక్కన ఏ రంగు అని ఒక పూట, ముక్కలు కోయడానికి ఇంకో రెండు పూటలు పోతే చివరికి సగం బొంత, పూర్తి నడుం నొప్పితో తిరిగొస్తారు.

మొదటిసారి కాబట్టి 48 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు చాలు. ఆరంగుళాల గడులు అడ్డానికి ఎనిమిది, నిలువుకు పది, మొత్తం 80. అందులో 40 గడులు నాలుగు ముక్కలవి, 40 ఒకే గుడ్డవి, చదరంగం బల్లలా ఒకటి విడిచి ఒకటి. 44 అంగుళాల పన్నా ఉన్న నూలు గుడ్డ ఉతికి, అంచులు తీసేస్తే 42 అంగుళాలు పనికొస్తుందనుకో. ఒకే గుడ్డ గడులకు ఆరున్నర అంగుళాల (కుట్టుకు రెండు వైపులా పావేసి అంగుళం మార్జిన్ కలిపి) పట్టీలు ఏడు కావాలి, పట్టీకి ఆరు గడులు వస్తాయి, దానికి మీటరున్నర తీసుకో. నాలుగు ముక్కల గడులకు లేత రంగువి ఎనిమిది, ముదురువి ఎనిమిది, మూడున్నర అంగుళాల పట్టీలు. ఒక్కో రంగు 80 సెంటీమీటర్లు చాలు. లేత పట్టీనీ ముదురు పట్టీనీ నిలువునా కలిపి కుట్టి, మళ్ళీ మూడున్నర అంగుళాలకు అడ్డంగా కోసి, తిరగేసి జతపరిస్తే నాలుగు ముక్కల గడి తయారు. 160 చిన్న ముక్కలు విడివిడిగా కోసి కుట్టే పిచ్చి పని ఎవరు చెప్పినా చేయకు. అంచు పట్టీకి రెండున్నర అంగుళాలవి ఆరు పట్టీలు, అరమీటరు. అడుగు గుడ్డ నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి, అంటే 56 బై 68. ఇది 44 పన్నాలో రాదు. 60 పన్నా గుడ్డ రెండు మీటర్లు కొంటే మధ్యలో అతుకు బాధ ఉండదు. పాత దుప్పటి వేద్దామని అక్క అంటుంది. పాత నూలు దుప్పటయితే సరే. బిగువుగా నేసిన కొత్త హోటల్ రకం దుప్పటిలోంచి మాత్రం చేతి సూది దిగదు.

గుడ్డ కొనడానికి మీకు చెన్నైలో ప్యారీస్ కార్నర్ దగ్గర గోడౌన్ స్ట్రీట్ ఉంది కదా, అక్కడే తీసుకోండి. బెంగళూరు వెళ్ళాక చిక్‌పేటలో కొందాం అనుకోవద్దు. చిక్‌పేట మంచి సంతే, మెట్రో గ్రీన్ లైన్‌లో మెజెస్టిక్ (బెంగళూరు సిటీ రైల్వే స్టేషన్ దగ్గరిది) తర్వాతి స్టేషనే. కానీ ఉతకని గుడ్డతో శిబిరంలో ఏం చేస్తావు? నూలు మొదటి ఉతుకులో మూడు నుంచి ఐదు శాతం కుదించుకుంటుంది, అన్ని గుడ్డలూ ఒకేలా కుదించుకోవు. ఎరుపు, నీలిమందు, కలంకారీ విడివిడిగా నానబెట్టి, తడి గుడ్డ మీద తెల్ల రుమాలు అదిమి చూడు. రుమాలుకు రంగంటితే ఇంకో ఉతుకు. మూడు ఉతుకుల తర్వాత కూడా వదులుతుంటే ఆ గుడ్డ సంచి కుట్టడానికి పక్కన పెట్టు, తెల్ల గుడ్డ పక్కన వద్దు. ఇనుప నీళ్ళతో అద్దిన కలంకారీ నలుపు ఏళ్ళు గడిచేకొద్దీ నూలును తినేస్తుంది, ఆ నలుపు ఎక్కువున్న ముక్క రోజూ వాడే బొంతలో వేయకు. మంగళగిరి లాంటి చేనేత వేస్తే పోగులు ఊడతాయి. పావు అంగుళం మార్జిన్ దానికి చాలదు, వెనక ఇస్త్రీ చేస్తే అతుక్కునే పల్చటి క్యాన్వాస్ అతికించి అప్పుడు కోయి.

కోత ఇద్దరూ చేయవద్దు. ఇద్దరూ రెండు స్కేళ్ళతో కోస్తే గీత మందమంత తేడా వస్తుంది, అది చివరి వరుసలో బయటపడుతుంది. నీ చెయ్యి స్థిరం, నువ్వు కోయి. మీ అక్కకు తొందర, దానికి ఇస్త్రీ, లెక్క అప్పగించు. అలాగే ఒక బొంత గడులన్నీ ఒకే మిషను మీద కుట్టాలి. రెండు మిషన్ల పావు అంగుళం ఎప్పుడూ ఒకటి కాదు. మీవి రెండు బొంతలైతే ఎవరి మిషను వాళ్ళది. ఒకటే అయితే ఒకరు కుట్టడం, ఒకరు ఇస్త్రీ చేసి జతలు అందించడం, భోజనం తర్వాత మారడం. మీ అమ్మమ్మ పాత చీరలు అందులో వేయాలనుంటే ఏ చీర ఎవరికో చెన్నైలోనే తేల్చుకోండి. పదిమంది మధ్య ఆ మాట ఎత్తవద్దు.

పావు అంగుళం సంగతికొస్తాను, ఎందుకంటే తొంభై పాళ్ళు తప్పులు ఇక్కడే. బయలుదేరే ముందు ఒకటిన్నర అంగుళాల పట్టీలు మూడు కలిపి కుట్టి, ఇస్త్రీ చేసి కొలువు. మొత్తం మూడున్నర, నడిమి పట్టీ సరిగ్గా ఒక అంగుళం రావాలి. తక్కువొస్తే నీ మార్జిన్ ఎక్కువైంది. అంగుళంలో పదహారో వంతే కదా అనుకోకు. అది రెండు ముక్కల్లోనూ పోతుంది కాబట్టి కుట్టుకు ఎనిమిదో వంతు. మీ బొంతలో అడ్డ వరుసకు పదకొండు కుట్లు. అంటే వరుస దాదాపు అంగుళంన్నర కుదించుకుపోతుంది. ఆ పైన మూలలు ఎలా కలుస్తాయి? అదిమే ఇస్త్రీ చేయాలి, లాగి రుద్దకూడదు. రుద్దితే ఐమూలగా సాగిపోతుంది. మార్జిన్లు ముదురు గుడ్డ వైపు మడిచి అదిమితే, జత కలిపినప్పుడు రెండు అతుకులూ ఒకదానికొకటి ఒరుసుకుని వాటంతటవే కూర్చుంటాయి.

మిషను విషయం. అత్తయ్య ఇనుప తలకాయ మిషను మోసుకెళ్తామని కూర్చోకండి, పెట్టెతో కలిపి పన్నెండు కిలోలకు పైనే. ప్లాస్టిక్ ఒంటి పోర్టబుల్ మిషను చాలు. అతుకులకు 80/12 సూది, మూడు పొరలు (పైన గడులు, నడుమ వాడింగ్ అనే దూది పొర, కింద అడుగు గుడ్డ) కుట్టేటప్పుడు 90/14, రెండు రకాలూ ఐదేసి. ఎనిమిది గంటల కుట్టుకు ఒక సూది మార్చేయాలి, మొద్దుబారిన సూది టకటకమని చప్పుడు చేస్తుంది. బాబిన్లు ఎనిమిది నింపి పెట్టుకో. కింద దారం గూడు కట్టిందంటే అందరూ బాబిన్ పీకుతారు. తప్పు నూటికి తొంభైసార్లు పైదారానిది. గుడ్డను అదిమే మిషను పాదం దించి దారం ఎక్కిస్తే అది దారాన్ని బిగించే టెన్షన్ రేకుల మధ్యకు వెళ్ళదు. పాదం పైకెత్తి మొదటినుంచి ఎక్కించు. ఇక శిబిరాల్లో అందరూ ఇంట్లో మర్చిపోయేది ఒకటే, కాలి పెడల్ వైరు. మిషను పెట్టెలోనే కట్టెయ్యి. దానికి రంగు గుడ్డపీలిక ఒకటి ముడివెయ్యి, ఎందుకంటే అక్కడ సగం పెడళ్ళు ఒకే కంపెనీవి.

కరెంటు జాగ్రత్త. మామూలు ఆరు ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు 1400 వాట్లలోపే మోస్తుంది. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు రెండు ఒకే బోర్డుకు పెడితే కరెంటు పోయి అందరి చూపులూ మీ మీద. ఇస్త్రీ గోడ ప్లగ్గుకు, మిషన్లు బోర్డుకు. ఇన్వర్టర్ మీద ఇస్త్రీ నడవదు కాబట్టి కరెంటు పోయినప్పుడు చేయడానికి కొంత చేతి కుట్టు అట్టే పెట్టుకోండి.

రైల్లో వెళ్తే కోత చక్రం (గుండ్రటి బ్లేడు కత్తి), కత్తెరలు పెట్టెలో అడుగున పెట్టు. విమానమైతే చేతి సామానులో వద్దు, చెక్-ఇన్‌లోనే. కోత పలక (గుడ్డ కింద వేసి కోసేది) చుట్టకు, ఎండలో కారులో వదలకు. వేడికి వంకర తిరిగితే మళ్ళీ చదును కాదు. చదునుగా మిషను పెట్టె వెనక నిలబెట్టి తీసుకెళ్ళు. టికెట్టు కొనేముందు శిబిరం ఏ వైపో చూసుకోండి. వైట్‌ఫీల్డ్ వైపైతే కృష్ణరాజపురంలో ఆగే రైలు చూసి అక్కడే దిగండి, కనకపుర రోడ్డు వైపైతే బెంగళూరు సిటీ స్టేషన్ దాకా వెళ్ళి మెట్రో గ్రీన్ లైన్ ఎక్కండి. మెజెస్టిక్ దగ్గర మిషను మోస్తూ మెట్లు ఎక్కడం మీ ఇద్దరి స్నేహానికి పరీక్ష. చలికాలమైతే రాత్రి 15 డిగ్రీలకు దిగుతుంది, మీ చెన్నై ఒళ్ళకు స్వెట్టరు కావాలి. పొడులు తీసుకెళ్ళండి, ఆవకాయ వద్దు. గుడ్డ మీద ఆ నూనె ఒక్క చుక్క పడిందంటే ఇంటికొచ్చాక కూడా ఏడిపిస్తుంది.

మూడో రోజు ఒక పూట మూడు పొరలు పరచడం పెట్టుకోండి. దానికి నలుగురి చేతులు కావాలి, ఇంట్లో దొరకవు. అడుగు గుడ్డ బోర్లా పరిచి నేలకు టేపు వేసి, ముడత లేకుండా, కానీ సాగదీయకుండా. సాగదీస్తే విప్పగానే ముడుచుకుపోతుంది. మీ ఉక్కకు లావు పాలిస్టర్ వద్దు, పల్చటి నూలు వాడింగ్. బూరుగు దూది అసలే వద్దు, ఉండలు కడుతుంది. నడిమి నుంచి బయటికి నాలుగు అంగుళాలకొకటి పెద్ద టాకాలు వేయండి. అప్పుడు అసలు కుట్టు ఇంట్లో తీరిగ్గా చేసుకోవచ్చు.

కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ (ఆఫ్రికా మూలాలున్న వాళ్ళు) ఆడవాళ్ళు కవంది అనే బొంతలు కుడతారు. వాళ్ళు బయట అంచు నుంచి నడిమికి వెళ్తారు, మూలల్లో ఫులా అని మూడు మూలల ముక్కలు పెడతారు. గురువులెవరైనా అది నేర్పుతామంటే మీ బొంత పక్కన పెట్టి ఆ పూట అక్కడే కూర్చోండి. కర్ణాటక దాకా వెళ్ళి అమెరికా గడులే కుట్టి రావడం నాకు నచ్చదు.

ఇంకొకటి. మీ అక్క కుట్టు వంకర పోతే అందరి ముందు చెప్పకు, గదిలో చెప్పు. అదీ అంతే చేయాలని నా మాటగా చెప్పు. పక్కవాళ్ళ కుట్టు సంగతి వాళ్ళు అడిగితేనే. ఫోటో తీయాలంటే ముందు అడగాలి. గుడ్డ కత్తెరకు ఎర్ర దారం కట్టండి, కాగితం కోయడానికి ఎవరైనా చేయి చాపితే ఇంకో కత్తెర ఇవ్వండి.

బయలుదేరే రోజు కుట్టిన వరుసలకు నంబరు చీటీలు గుచ్చి, ఎడమ చివర ఏదన్నది రాసి పెట్టు. సూది తీసేసి, పాదం కింద గుడ్డ పీలిక పెట్టి దించు. పెడల్ బల్ల కింద ఉంటుంది, వంగి చూసుకో.

మీ పెద్దమ్మ